ఒప్పంద కూలీల వలస రికార్డులు

ఒప్పంద కూలీల వలస రికార్డులు అనగా 1834 నుండి 1920 వరకు భారతదేశం నుండి మారిషస్, నటాల్, ఫిజీ, ట్రినిడాడ్, బ్రిటిష్ గయానా, సురినామ్ మొదలైన వలస రాజ్యాల తోటలలో పని చేయడానికి ఒప్పందంపై వెళ్ళిన కూలీల గురించి నాటి ప్రభుత్వాధికారులు వ్రాసి ఉంచిన పాసులు, ఓడ జాబితాలు, రిజిస్టర్లు, ఫోటోలు. కూలీల లెక్క చూసుకోవడానికి, పారిపోయినవారిని పట్టుకోవడానికి, యజమానుల మధ్య పంచడానికి తయారైన ఈ కాగితాలే నేడు ఆ కూలీల సంతతివారికి తమ పూర్వీకుల ఊరు, పేరు తెలుసుకోవడానికి ప్రధాన ఆధారం. చాలా కుటుంబాల విషయంలో ఇదొక్కటే ఆధారం.

ఈ రికార్డులకు సంబంధించి ఒక చిక్కు సమస్య ఉన్నది. వంశావళి వెతుక్కొనేవారందరికీ రిజిస్టర్లను చేతికి ఇస్తే పాత కాగితం త్వరగా చితికిపోతుంది. ఎవరికీ ఇవ్వకుండా తాళం వేసి ఉంచితే వాటిని భద్రపరచిన ప్రయోజనం నెరవేరదు. ఈ రెంటినీ సమన్వయపరచడానికి వివిధ దేశాల అభిలేఖాగారాలు అనుసరించిన పద్ధతులు, వాటిపై ఉన్న భిన్నాభిప్రాయాలు ఈ వ్యాసంలోని ప్రధాన విషయాలు.

నేపథ్యం

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో చేసిన చట్టం 1834 ఆగష్టు 1 నుండి అమలులోకి వచ్చింది. మారిషస్‌లో ఇది 1835 ఫిబ్రవరి 1న అమలైనది. చెరకు తోటల యజమానులు బానిసల స్థానంలో చవకగా దొరికే కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న 36 మంది కూలీలతో అట్లాస్ అనే ఓడ మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవు చేరింది. ఆ తరువాత ఈ పద్ధతి ఇతర వలస రాజ్యాలకు వ్యాపించింది.

ఆయా ప్రాంతాలకు తొలి ఓడలు చేరిన తేదీలు:

- బ్రిటిష్ గయానా – 1838 మే 5 (విట్‌బీ, హెస్పరస్ ఓడలు)
- ట్రినిడాడ్ – 1845 మే 30 (ఫాతెల్ రజాక్ ఓడ)
- నటాల్ – 1860 నవంబరు 16 (మద్రాసు నుండి ట్రూరో ఓడ)
- సురినామ్ – 1873 జూన్ 5 (లల్లా రూఖ్ ఓడ)
- ఫిజీ – 1879 మే 14 (లియోనిడాస్ ఓడ)

ఒప్పందం సాధారణంగా ఐదేళ్ళకు ఉండేది. అగ్రిమెంట్ అనే ఇంగ్లీషు మాట కూలీల నోట "గిర్మిట్" అయినది. అందుచేత వీరిని గిర్మిటియాలు అని కూడా అంటారు. నటాల్‌కు వలస 1911లో ఆగిపోయింది. భారత ప్రభుత్వం 1917లో మొత్తం ఒప్పంద వలసలను నిలిపివేసింది. ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయినవి. ఈ కాలంలో సముద్రం దాటినవారి సంఖ్య పది లక్షలకు పైమాటే. మారిషస్‌కు సుమారు నాలుగున్నర లక్షలమంది, నటాల్‌కు 1,52,184 మంది, ఫిజీకి 60 వేలకు పైగా, సురినామ్‌కు సుమారు 34 వేలమంది వెళ్ళారు.

వలసదారులను బలవంతంగానో, మోసంతోనో పంపుతున్నారన్న విమర్శలు మొదటినుండి ఉండేవి. వాటికి సమాధానంగా ప్రభుత్వం ప్రతి దశలోను వ్రాతపూర్వకమైన తనిఖీ ఏర్పాటు చేసింది. కలకత్తా, మద్రాసు రేవులలో వలసదారుల సంరక్షకాధికారి, వైద్యుడు, వలస రాజ్యపు ఏజెంటు ముగ్గురూ ధృవీకరించిన తరువాతనే కూలీ ఓడ ఎక్కాలి. ఆ తనిఖీలు కూలీలను మోసం నుండి పూర్తిగా కాపాడలేకపోయినా, పేదల గురించి ఆ కాలంలో మరెక్కడా కనిపించనంత వివరమైన కాగితాలు మాత్రం మిగిలినవి.

రికార్డులలో ఉండే వివరాలు

వీటిలో ముఖ్యమైనది వలస పాసు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పాసు ఉండేది. అందులోని వివరాలు కాలాన్ని, వలస రాజ్యాన్ని బట్టి కొద్దిగా మారినా, సాధారణంగా ఇవి ఉంటాయి:

- ఓడ పేరు, ఓడ జాబితాలో సంఖ్య, డిపోలో ఇచ్చిన సంఖ్య
- పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడ లేదా మగ
- కులం
- జిల్లా, ఠాణా లేదా తాలూకా, గ్రామం
- దగ్గర బంధువు పేరు. వివాహితులైతే ఎవరితో వివాహం జరిగినది
- ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు, మచ్చలు

ఓడ దిగిన తరువాత ప్రతి కూలీకి ఒక శాశ్వత సంఖ్య ఇచ్చేవారు. నటాల్‌లో దీనిని కలోనియల్ నంబరు అనేవారు. వివాహం, పిల్లల జననం, ఫిర్యాదు, తిరుగు ప్రయాణం, మరణం వంటి తదుపరి కాగితాలలో కూడా ఈ సంఖ్య కనిపిస్తుంది. అందువలన ఒక్క సంఖ్య తెలిస్తే ఒక మనిషి జీవితమంతా వరుసగా బయటపడే అవకాశమున్నది. మారిషస్‌లో 1860ల దశకం నుండి కూలీల ఫోటోలు తీసి భద్రపరచారు. తమ పూర్వీకుల ముఖం చూసుకొనే అవకాశం ఈ ఫోటోల వలన అక్కడి అనేక కుటుంబాలకు కలిగింది.

ఒప్పంద పద్ధతిలో కాక కంగాణీ, మేస్త్రీ పద్ధతులలో మలయా, బర్మా వెళ్ళినవారికి ఇటువంటి వ్యక్తిగత పాసులు సాధారణంగా లేవు. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కనుక అక్కడికి వెళ్ళడం విదేశీ వలసగా లెక్కకు రాలేదు. తెలుగువారు పెద్ద సంఖ్యలో వెళ్ళిన ఈ రెండు దేశాల విషయంలో వంశావళి వెతకడం మరింత కష్టం కావడానికి ఇది ఒక కారణం.

వంశావళి పరిశోధనలో ఉపయోగం

వంశావళి వెతికేవారు సాధారణంగా ప్రస్తుత కాలం నుండి వెనుకకు నడుస్తారు. ముందుగా తమ, తల్లిదండ్రుల, తాతల జనన, వివాహ, మరణ ధృవపత్రాలు సేకరిస్తారు. ఒక దశలో ధృవపత్రంలో పేరు పక్కన వలస సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్యతో వలస రిజిస్టరులోను, అక్కడినుండి ఓడ జాబితాలోను వెతికి గ్రామం పేరు పట్టుకొంటారు. చివరి మెట్టు ఆ గ్రామాన్ని నేటి పటంలో గుర్తించడం.

ఈ వెతుకులాట కుతూహలానికి మాత్రమే పరిమితం కాదు. భారత ప్రభుత్వం 2006లో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సందర్భంగా విదేశీ భారత పౌరసత్వ కార్డు, అనగా ఓసీఐ కార్డు, పథకాన్ని ప్రారంభించింది. సాధారణ నిబంధనల ప్రకారం ఇది మునిమనుమల తరం వరకే వర్తిస్తుంది. గిర్మిటియాల సంతతి అంతకంటే దూరపు తరాలకు చెందినది కనుక వారిలో చాలామందికి అర్హత లేకపోయింది. 2017లో వీరి కోసం ప్రత్యేక ఏర్పాటును ప్రకటించి మారిషస్‌తో మొదలుపెట్టారు. 2023లో సురినామ్ వారికి ఆరవ తరం వరకు, 2024లో మారిషస్ వారికి ఏడవ తరం వరకు, 2025లో ట్రినిడాడ్ - టొబాగో వారికి ఆరవ తరం వరకు ఈ అవకాశాన్ని విస్తరించారు. పూర్వీకులు భారతదేశం నుండి వచ్చినట్లు నిరూపించడానికి పాత వలస రికార్డు నకలే ఆధారం. నూటయాభై ఏళ్ళనాటి రిజిస్టరులోని ఒక పేజీ చిరిగిపోతే, ఆ పేజీలో ఉన్న కుటుంబాలు చరిత్రతోబాటు ఒక చట్టబద్ధమైన అవకాశాన్ని కూడా కోల్పోయే ప్రమాదమున్నది. తరాల పరిధి పెరిగేకొద్దీ రిజిస్టర్ల కోసం వచ్చే దరఖాస్తులు కూడా పెరగడం సహజం.

రికార్డులకు కలిగే నష్టం

ఈ రికార్డులు తయారైన కాలం కాగితం నాణ్యత తగ్గిన కాలం. అంతకుముందు నూలు గుడ్డల గుజ్జుతో చేసిన కాగితం గట్టిగా ఉండేది. పంతొమ్మిదవ శతాబ్దంలో పటిక, రజనం కలిపిన పూత వాడకం, ఆ తరువాత కర్రగుజ్జు వాడకం పెరిగినవి. వీటి వలన కాగితంలో ఆమ్లగుణం ఏర్పడి, అది పసుపు రంగుకు మారి పెళుసుగా తయారవుతుంది. మడత పెట్టిన చోటనే విరిగిపోతుంది.

రెండవ కారణం సిరా. ఆనాటి కార్యాలయాలలో మాచికాయ, అన్నభేది కలిపి చేసిన నల్ల సిరా వాడేవారు. నీటికి చెరగదనే మంచి గుణం దీనికి ఉన్నా, ఇందులోని ఇనుము, ఆమ్లం కాలక్రమంలో కాగితాన్ని తినివేస్తాయి. గాఢంగా వ్రాసినచోట అక్షరాల ఆకారంలోనే చిల్లులు పడతాయి.

మూడవది వాతావరణం. ఈ రికార్డులున్న దేశాలన్నీ దాదాపు తేమ, వేడి ఎక్కువగా ఉండే ప్రాంతాలు. తేమ వలన బూజు పడుతుంది. చెదలు, పుస్తకాల పురుగులు జిగురును, కాగితాన్ని తింటాయి. మారిషస్, ఫిజీ దీవులకు తుఫానుల బెడద కూడా ఉన్నది.

నాలుగవది వాడకం. పెద్ద రిజిస్టరును పూర్తిగా తెరచినప్పుడల్లా కుట్టు సడలుతుంది. పేజీ మూలలు వేళ్ళ తాకిడికి రాలిపోతాయి. నకలు యంత్రంపై బోర్లించి అదిమితే వెన్ను విరుగుతుంది. ఒక గ్రామం పేరు కోసం వెతికే మనిషి కొన్ని వందల పేజీలు తిప్పవలసి వస్తుంది. వంశావళి పరిశోధన మిగతా చరిత్ర పరిశోధనకంటే ఎక్కువ ఒత్తిడి కలిగించడానికి కారణం ఇదే. చరిత్రకారుడు ఒక సంపుటాన్ని ఒకసారి చదివి గణాంకాలు వ్రాసుకొని వెళ్ళిపోతాడు. వంశీకులు మాత్రం ఒకరి తరువాత ఒకరుగా అదే సంపుటం కోసం వస్తారు.

మరమ్మతు పేరుతో జరిగిన నష్టం కూడా ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దం మధ్యలో పెళుసు కాగితాన్ని సెల్యులోజ్ ఎసిటేట్ అనే పలుచని పొర మధ్య ఉంచి అతికే పద్ధతి అనేక దేశాలలో ప్రచారంలో ఉండేది. భారత జాతీయ అభిలేఖాగారంలో ఈ పనిని యంత్రం లేకుండా ఎసిటోన్ ద్రవంతో చేతితో చేసే పద్ధతిని రూపొందించారు. తక్కువ ఖర్చుతో కూడిన ఈ పద్ధతి ఎన్నో కాగితాలను ఆనాటికి నిలబెట్టినది. అయితే కాలం గడిచేకొద్దీ ఎసిటేట్ పొర తానే చెడిపోతుందని, దానిని తిరిగి విడదీయడం కష్టమని తేలింది. అందుచేత తరువాతి కాలంలో అవసరమైతే మళ్ళీ విడదీయగల మరమ్మతునే చేయాలనే నియమం స్థిరపడింది. పలుచని జపాను కాగితాన్ని పిండి జిగురుతో అతికించడం ఇటువంటి పద్ధతి.

పరిరక్షణ, అందుబాటు పద్ధతులు

చదువుల గది నియమాలు

మూల ప్రతిని చూపించే చోట సాధారణంగా ఒకసారికి ఒక సంపుటమే ఇస్తారు. పెన్నులు నిషేధించి పెన్సిలు మాత్రమే అనుమతిస్తారు. రిజిస్టరును బల్లపై పరచక, వాలుగా ఉన్న మెత్తని ఆధారంపై సగమే తెరచి చదవాలి. నకలు యంత్రం బదులు ఫ్లాష్ లేని కెమెరాను అనుమతించడం మేలని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం.

సిబ్బంది ద్వారా వెతకడం

దరఖాస్తుదారునికి రిజిస్టరు ఇవ్వకుండా, సిబ్బందే వెతికి ధృవీకరించిన నకలు ఇవ్వడం మరొక పద్ధతి. దీనివలన కాగితానికి తాకిడి తగ్గుతుంది. అనుభవమున్న సిబ్బంది పాత దస్తూరిని సులభంగా చదవగలరు. అయితే వంశీకులకు మాత్రమే తెలిసిన చిన్న ఆనవాళ్ళు, ఉదాహరణకు తాతమ్మ ముద్దుపేరు, కలిసి ప్రయాణించినవారి పేర్లు సిబ్బంది దృష్టికి రాకపోవచ్చు.

మైక్రోఫిల్మ్

ఇరవయ్యవ శతాబ్దంలో ఎక్కువగా వాడిన ప్రత్యామ్నాయం మైక్రోఫిల్మ్. పాలియెస్టరు ఆధారంపై తీసిన వెండి పూత ఫిల్మును తగిన చల్లదనంలో, తక్కువ తేమలో ఉంచితే సుమారు 500 సంవత్సరాలు నిలుస్తుందని అంచనా. అంతకుముందు వాడిన ఎసిటేట్ ఫిల్ములు మాత్రం చెడిపోయి పుల్లని వాసన వేస్తాయి. మూల ఫిల్మును భద్రపరచి, దాని నుండి తీసిన ప్రతిని మాత్రమే పాఠకులకు ఇవ్వడం ఈ పద్ధతిలోని ప్రధాన సూత్రం. నలుపు తెలుపు ఫిల్ములో వెలిసిపోయిన సిరా, రంగు పెన్సిలు గుర్తులు కనిపించకపోవడం దీని లోపం.

డిజిటల్ ప్రతులు

రంగులలో తీసిన డిజిటల్ ప్రతి ఈ లోపాన్ని చాలావరకు తీరుస్తుంది. కంప్యూటరులో పెంచి చూస్తే కంటికి ఆనని అక్షరాలు కూడా చదవవచ్చు. ఎంతమంది చూసినా మూల ప్రతికి నష్టం ఉండదు. కానీ డిజిటల్ ప్రతి తీయడానికి ప్రతి పేజీని ఒకసారి తెరచి పరచవలసినదే. అందువలన శిథిలమైన సంపుటాలకు ముందు మరమ్మతు, తరువాత ఫోటో అనే వరుస పాటిస్తారు. పైగా డిజిటల్ ఫైళ్ళు తమంతట తాము నిలిచి ఉండవు. వాటిని ఒకటికంటే ఎక్కువ చోట్ల దాచాలి, చెడిపోలేదని ఎప్పటికప్పుడు సరిచూడాలి, కొన్నేళ్ళకొకసారి కొత్త పరికరాలకు మార్చాలి. కాగితాన్ని నిర్లక్ష్యం చేస్తే నెమ్మదిగా పాడవుతుంది. డిజిటల్ ఫైలును నిర్లక్ష్యం చేస్తే ఒక్కసారిగా మాయమవుతుంది.

సూచికలు

పేరు, సంఖ్య, ఓడ, గ్రామం వారీగా సూచిక తయారైతే వందల పేజీలు తిప్పే అవసరం పోయి ఒక్క పేజీతో పని ముగుస్తుంది. పరిరక్షణకు, అందుబాటుకు ఒకేసారి మేలు చేసే పని ఇదేనని చెప్పవచ్చు.

వివిధ దేశాలలో

మారిషస్

వలస రికార్డులు మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నవి. ఈ సంస్థ 1970లో చట్టం ద్వారా ఏర్పడింది. వలస రిజిస్టర్లు, ఓడల పత్రాలు, వివాహ రిజిస్టర్లు, ఫోటోలు ఇక్కడ భద్రపరచారు. కూలీలు దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ కట్టడాలు 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరినవి. రికార్డులు 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి రిజిస్టరులో చేరినవి. ఇక్కడ సిబ్బంది ద్వారా వెతికించే పద్ధతి ప్రధానమైనది. కుటుంబీకులు తమ ధృవపత్రాల వరుసను సమర్పిస్తే వలస వచ్చిన పూర్వీకుని వివరాలతో పత్రం ఇస్తారు.

దక్షిణాఫ్రికా

నటాల్ ఓడ జాబితాలలో 1,52,184 మంది పేర్లు ఉన్నవి. వీటిని విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటరులోకి ఎక్కించారు. క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుథూలి డాక్యుమెంటేషన్ కేంద్రం ఈ జాబితాలను ఇంటర్నెట్‌లో ఉంచడం వలన డర్బన్‌లోనే కాక ఇతర దేశాలలో స్థిరపడిన వంశీకులు కూడా వెతకగలిగారు. మూల ప్రతిని ముట్టుకోకుండానే ఎక్కువమంది ప్రశ్నలకు సమాధానం దొరకడానికి ఇది మంచి ఉదాహరణ.

ఫిజీ

వలస పాసులు సువాలోని ఫిజీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నవి. చరిత్రకారుడు బ్రిజ్ వి. లాల్ కలకత్తా నుండి వెళ్ళిన 45,439 మంది పాసులను కంప్యూటరు సహాయంతో విశ్లేషించి, ఆ పరిశోధనను 1983లో గిర్మిటియాస్ అనే పుస్తకంగా ప్రచురించాడు. కూలీలందరూ అట్టడుగు కులాలకు, ఒకే ప్రాంతానికి చెందినవారన్న ప్రచారం తప్పని ఈ లెక్కలు చూపినవి. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా ఫిజీకి వెళ్ళిన సుమారు 15 వేలమంది దక్షిణాదివారు ఈ లెక్కలో లేరు.

సురినామ్

సురినామ్ వలసదారుల వివరాలను 1990ల దశకంలో పట్టికలుగా తయారు చేశారు. అవి నెదర్లాండ్స్ జాతీయ అభిలేఖాగారం వెబ్‌సైటులో లభిస్తున్నవి. సరైన భవనం లేని కారణంగా సురినామ్ పాత ప్రభుత్వ రికార్డులను ఇరవయ్యవ శతాబ్దంలో నెదర్లాండ్స్‌కు తరలించారు. పారమారిబోలో కొత్త భవనం ఏర్పడిన తరువాత వాటిని బాగుచేసి, డిజిటల్ ప్రతులు తీసి, విడతలుగా తిరిగి పంపారు. ఈ పని 2017లో పూర్తయినది. మూల ప్రతులు పుట్టిన దేశంలోను, డిజిటల్ ప్రతులు అందరికీ ఉండే విధంగా జరిగిన ఏర్పాటు ఇది.

ట్రినిడాడ్, గయానా

ట్రినిడాడ్ రికార్డులు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని జాతీయ అభిలేఖాగారంలోను, గయానా రికార్డులు జార్జిటౌన్‌లోని వాల్టర్ రాడ్నీ జాతీయ అభిలేఖాగారంలోను ఉన్నవి. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ - టొబాగో దేశాలు కలసి సమర్పించిన ఒప్పంద కూలీల రికార్డులకు 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి రిజిస్టరులో స్థానం లభించింది.

భారతదేశం

వలస శాఖ ఉత్తర ప్రత్యుత్తరాలు, సంరక్షకాధికారుల వార్షిక నివేదికలు ఢిల్లీలోని భారత జాతీయ అభిలేఖాగారంలోను, చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు అభిలేఖాగారంలోను ఉన్నవి. 1993 నాటి ప్రభుత్వ రికార్డుల చట్టం ప్రకారం జాతీయ అభిలేఖాగారానికి చేరిన, ముప్ఫై ఏళ్ళు దాటిన, రహస్యం కాని రికార్డులను నిబంధనలకు లోబడి పరిశోధకులకు అందుబాటులో ఉంచవచ్చు. అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో అనేక పత్రాల డిజిటల్ ప్రతులు ఉన్నవి. ప్రవాసులు తమ మూలాలు తెలుసుకోవడానికి తోడ్పడే ఒక పథకాన్ని భారత ప్రభుత్వం 2008లో ప్రారంభించింది.

భిన్నాభిప్రాయాలు

మూల ప్రతిని చూసే హక్కు: నకలు ఎంత స్పష్టంగా ఉన్నా పూర్వీకుని బొటనవేలి ముద్రనో, ఫోటోనో కళ్ళారా చూడాలని వంశీకులు కోరుకొంటారు. ఆ కాగితం తమ కుటుంబానిదని వారి భావన. ఆ కోరిక మన్నిస్తే, తరువాతి తరాలవారికి అదే అవకాశం మిగలదని పరిరక్షకుల వాదన. కొన్ని పేజీలను ప్రదర్శనలో ఉంచడం మధ్యేమార్గం. ప్రదర్శనలో సైతం వెలుతురు వలన సిరా వెలిసిపోతుంది కనుక పేజీలను తరచు మార్చవలసి ఉంటుంది.

కులం గడి: పాసులో కులం వ్రాసి ఉండడం అత్యంత సున్నితమైన విషయం. ఓడలో, తోటలో కలిసి బ్రతికిన అనేక కుటుంబాలు కులాన్ని వదులుకొన్నవి. కొందరు డిపోలోనే వేరే కులం పేరు చెప్పారు. నేడు ఎవరైనా ఇతరుల పూర్వీకుల కులాన్ని వెదకి బయటపెట్టే అవకాశం ఉండరాదని కొందరి అభిప్రాయం. ఆ గడిని దాచిపెడితే చరిత్రను మార్చినట్లే అవుతుందని, గ్రామాన్ని గుర్తించడానికి అది అవసరమని మరికొందరి వాదన. మూల ప్రతిలో దేనినీ చెరపకుండా, అందరికీ కనిపించే సూచికలో మాత్రం ఆ గడిని చేర్చకుండా ఉండడం ఒక పరిష్కారంగా చెప్పబడుతున్నది.

వ్యక్తిగత గోప్యత: ఈ రికార్డులలోనివారు నేడు జీవించి లేరు. అయినా శిక్షలు, రోగాలు, విడిపోయిన దాంపత్యాలు వంటివి వారి మనుమల తరానికి ఇబ్బంది కలిగించవచ్చు. పాత్రికేయురాలు గాయిత్రా బహదూర్ 2013లో ప్రచురించిన కూలీ వుమన్ అనే పుస్తకంలో 1903లో ఒంటరిగా, గర్భవతిగా ఓడ ఎక్కి గయానా చేరిన తన ముత్తవ్వ కథను రికార్డుల ఆధారంగా వెలికితీసింది. కుటుంబం మాట్లాడని విషయాన్ని ఒక పాసు నూరేళ్ళు భద్రపరచినదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది. దానిని చెప్పవలసింది వంశీకులా, మరెవరైనానా అన్నదే ఇక్కడ ప్రశ్న.

రుసుము: ధృవీకరించిన నకలుకు రుసుము వసూలు చేస్తే మరమ్మతులకు కొంత ఆదాయం వస్తుంది. వంశావళి వెబ్‌సైటులకు ప్రతులు ఇస్తే ఖర్చులేకుండా డిజిటల్ పని జరుగుతుంది. కానీ వ్యాపార సంస్థలకు ఇచ్చినపుడు, కూలీల మనుమలు తమ పూర్వీకుల పేరు చూడడానికి విదేశీ సంస్థకు చందా కట్టవలసి వస్తుందన్న విమర్శ ఉన్నది.

నకలు తీసిన తరువాత మూల ప్రతి: ప్రతులు తీయడం పూర్తయితే మూల ప్రతులపై శ్రద్ధ తగ్గుతుందనే భయం నిరాధారం కాదు. పేజీ వెనుకవైపు వ్రాతలు, కుట్టులో దాగిన అక్షరాలు, అంచులలోని పెన్సిలు గుర్తులు నకలులో తప్పిపోవచ్చు. సూచిక తయారుచేసేవారు పేరును తప్పుగా చదివితే ఆ మనిషి ఇక వెతికినా దొరకడు. సందేహం వచ్చినపుడు తేల్చేది మూల ప్రతియే.

తెలుగువారికి సంబంధించిన విశేషాలు

గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి తెలుగువారు మారిషస్, నటాల్, ఫిజీలకు వెళ్ళారు. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లో జరిగినవి. ఈ సంతతివారు రికార్డులు వెతికేటపుడు ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులు ఇవి:

- ఇంటిపేరు: పాసులో పేరు, తండ్రి పేరు, కులం గడులు మాత్రమే ఉన్నవి. తెలుగువారు వంశాన్ని గుర్తించే ఇంటిపేరుకు గడి లేదు. అందుచేత చాలా కుటుంబాలలో ఇంటిపేరు మరుగునపడి, తండ్రి పేరో, నాయుడు, రెడ్డి వంటి బిరుదో ఇంటిపేరుగా స్థిరపడింది.
- వర్ణక్రమం: తెలుగు తెలియని గుమాస్తాలు చెవికి వినిపించినట్లు ఇంగ్లీషులో వ్రాశారు. అప్పలస్వామి అప్పల్సామిగా, రామస్వామి రామ్సామిగా, నాయుడు నాయిడూగా మారినవి. సూచికలో ఒక్క వర్ణక్రమంతో వెతికితే సరిపోదు.
- జిల్లాల మార్పు: గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతకుముందు వెళ్ళిన గుంటూరువారు కృష్ణా జిల్లా కింద, ఒంగోలువారు నెల్లూరు జిల్లా కింద ఉంటారు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది కనుక చిత్తూరు ప్రాంతంవారిని ఉత్తర ఆర్కాటు కింద వెతకాలి. శ్రీకాకుళం రికార్డులలో చికాకోల్‌గా ఉంటుంది. గంజాం జిల్లాలో ఎక్కువభాగం 1936లో ఒరిస్సాలో చేరింది.
- గ్రామాల పేర్లు: ఒకే పేరుగల ఊళ్ళు అనేకం ఉండడం వలన తాలూకా పేరు తెలియనిదే గ్రామాన్ని నిర్ధారించడం కష్టం. పాత జిల్లా గెజిటీర్లు, జనగణన గ్రామ జాబితాలు ఇందుకు ఉపయోగపడతాయి.

ఈ ఇబ్బందుల దృష్ట్యా ఓడ జాబితాలకు తెలుగు తెలిసినవారు తయారుచేసే సూచికలకు ప్రత్యేక ప్రయోజనం ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలలో అర్థంలేనట్లు కనిపించే ఊరి పేరును ఆ ప్రాంతం తెలిసినవారు ఒక్క చూపులో గుర్తించగలరు. డిజిటల్ ప్రతులు అందుబాటులో ఉంటే ఈ పని రిజిస్టరున్న దేశానికి వెళ్ళకుండానే జరుగుతుంది, మూల ప్రతిని కదిలించవలసిన అవసరమూ ఉండదు.

ఇవి కూడా చూడండి

- గిర్మిటియాలు
- ఆప్రవాసీ ఘాట్
- భారత జాతీయ అభిలేఖాగారం
- యునెస్కో ప్రపంచ స్మృతి రిజిస్టరు
- ప్రవాసాంధ్రులు